ఒంటిగంట పేజర్

అక్కా,

బాగున్నావా అని అడగాలో వద్దో తెలియడం లేదు. నువ్వు వెళ్లిపోయి ఐదో నెల నడుస్తోంది. అప్పుడు కూలర్ లేనిదే నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు చలికి రజాయి తీశాను. నీ రజాయి అటక మీదే ఉంది.

మన స్మృతి నగర్ ఇల్లు ఎలా ఉండేదో అలాగే ఉంది... మాటే లేదు. సాయంత్రం తాళం తీసి, "ఏటిరా, ఇంతసేపేటి?" అని వినపడుతుందేమోనని కాసేపు గుమ్మంలోనే నిలబడతాను. తర్వాత టీవీ పెడతాను. ఏ కార్యక్రమమైనా సరే, ఎవరో ఒకరు మాట్లాడుతుంటే చాలు.

నా పేజర్ గుర్తుందా? హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల్లో షెడ్డు షెడ్డుకీ తిరిగి మోటార్లు బాగుచేసే నన్ను పట్టుకోవడం ఎవరివల్లా కావడం లేదని కొన్నాను. ఫ్యాక్టరీల వాళ్లకంటే నువ్వే దాన్ని ఎక్కువ వాడావు. మీ బడిలో ఒంటిగంట బెల్లు కొట్టగానే ఆఫీసు గదికి వెళ్లి, పేజర్ ఆపరేటర్‌కి ఫోన్ చేసేదానివి. ఆ అమ్మాయికి తెలుగు ముక్క రాదు. పంతులమ్మవి కదా, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటిగా చెప్పి రాయించేదానివి. నా నడుం దగ్గర బీప్‌మనేది... "తిన్నావా? మాత్ర వేసుకున్నావా? అక్క." అక్క అంటే నీ పేరనుకుంది ఆ పిల్ల. నిన్ను ‘అక్కా దీదీ’ అని, అంటే అక్కా అక్కా అని పిలుస్తోందని చెప్పి ఎంత నవ్వావో!

షుగర్ వచ్చింది నాకు, భయం నీకు. ఇంటికి రాగానే నిలదీసేదానివి. "ఏటిరా, రోజూ నేనే అడగాలేటి? తిన్నానని ఒక్క ముక్క పంపలేవేటి?" పేజర్‌కి మెసేజ్ రావడమే గాని, దాంట్లోంచి మనం పంపడం కుదరదని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకునేదానివి కాదు. "జవాబు చెప్పనివ్వని మిషన్ ఏటి మిషన్రా, తగలెయ్!" అనేదానివి. మర్నాడు ఒంటిగంటకి మళ్లీ బీప్.

నువ్వు పోయాక ఒంటిగంటకి అది మోగడం మానేసింది. ఎప్పుడైనా మోగితే ఎవరిదో క్రేన్ ఆగిపోయిందనే. అలారం ఉన్న చేతి గడియారం కొనుక్కున్నాను. అది మోగుతుంది, నేను నొక్కేసి మళ్లీ పానా పట్టుకుంటాను. గడియారం నొక్కితే ఊరుకుంటుంది. నువ్వు ఊరుకునేదానివా?

దీపావళి తర్వాత ఒకరోజు మాత్ర వేసుకుని తిండి మర్చిపోయాను. మోటారు విప్పుతూ విప్పుతూ కళ్లు తిరిగి కూలబడ్డాను. షెడ్డువాళ్లు చక్కెర దండిగా వేసి టీ తాగించారు. ఇంటికి ఫోన్ చేస్తాం, నంబరు చెప్పమన్నారు. ఇంట్లో ఎవరున్నారని చెప్పను అక్కా?

మర్నాడు పీసీఓ నుంచి ఆపరేటర్‌కి ఫోన్ చేశాను, నా పేజర్‌కి నేనే ఒక మెసేజ్ పెట్టించుకుందామని. నా పేజర్ నంబరు చెప్పానో లేదో, అదే అమ్మాయి... అక్కా దీదీ కైసీ హై, ఎలా ఉంది అంది. ఇన్నాళ్లుగా ఫోన్ రావడం లేదు, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మన ఊరు విజయనగరం వెళ్లిందని చెప్పేశాను. ఏం మెసేజ్ పంపాలో ఆ పిల్ల నన్ను అడగనైనా అడగలేదు.

ఒంటిగంటకి వచ్చింది. అవే మాటలు. చివర అక్క. నేను పెట్టించుకున్నదేనని తెలుసు. అయినా పని ఆపి, చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా తెరిచాను. ఎందుకంటావు?

అప్పటినుంచి రోజూ ఫోన్ చేస్తున్నాను. రోజూ ఆ పిల్ల ఒకటే అడగడం, దీదీ ఎప్పుడొస్తుందని. ఎన్నాళ్లని నిన్ను ఊళ్లో ఉంచను? నువ్వు పోయావని నిన్న చెప్పేశాను. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. నిన్న మెసేజ్ రాలేదు. నేనూ తినలేదు.

ఈరోజు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. ఒంటిగంటకి చేతులనిండా గ్రీజుతో ఉన్నాను. బీప్‌మంది. మళ్లీ ఎవరి క్రేనో అనుకుని చూశాను.

"తిన్నావా? మాత్ర వేసుకున్నావా?"

అంతే. చివర నీ పేరు లేదు, ఎవరి పేరూ లేదు. ఆ ఖాళీ చూసి ఏడుపు ఆగలేదు అక్కా. షెడ్డువాళ్లు కంట్లో ఏదో పడిందనుకుని నీళ్లు తెచ్చి ఇచ్చారు.

పేజర్‌కి జవాబు పంపడం ఇప్పటికీ కుదరదు. ఇన్నేళ్లు అడిగావు కదా... అందుకే ఈ కాగితం తీశాను.

తిన్నానక్కా. రొట్టెలు, బెండకాయ కూర. ఉప్పెక్కువైంది. మాత్ర కూడా వేసుకున్నాను.

రేపు కూడా తింటాను.

నీ తమ్ముడు