తండ్రి రొమ్ము మీద పాప

సూపరింటెండెంట్ గారికి నమస్కారం.

ప్రసూతి వార్డులోకి మగవాళ్లు రాకూడదన్న నియమాన్ని ఈ ఉదయం నేనే మీరాను. బరువు తక్కువగా పుట్టిన పాప ఒళ్లు చల్లబడింది. ఆపరేషన్ అయిన తల్లి ఇంకా మగతలో ఉంది. తండ్రి ఒంటి వెచ్చదనమూ పనిచేస్తుందన్న పరిశోధనను మా సిస్టర్లకు చూపించి, పాప తండ్రి, గొర్రెల కాపరి బీరన్నను లోపలికి పిలిచాను.

"మొగోడు పాలిస్తడా ఏంది?" అని అతని తల్లి బక్కమ్మ నవ్వింది.

"గొర్రెపిల్లను గొంగట్ల పెట్టుకుంటలేనా అమ్మా? గిది నా బిడ్డ," అన్నాడతను.

చొక్కా విప్పి పాపను రొమ్ముకు హత్తుకున్నాడు. మేం దుప్పటి కప్పాం. కిటికీ బయట నల్లమల ఇంకా మంచులోనే ఉంది. ఇక్కడ ఇద్దరి ఊపిరితో దుప్పటి మెల్లగా లేస్తోంది, వాలుతోంది. పాప పాదాలు వెచ్చబడ్డాయి.

నియమం మార్చమని కోరుతున్నాను. సంజాయిషీ అడిగితే నేనే ఇస్తాను, సిస్టర్లను అడగకండి. రౌండ్స్‌కు వచ్చేటప్పుడు మాత్రం చప్పుడు కాకుండా రండి సార్. ఇద్దరూ నిద్రపోతున్నారు.

ఇట్లు,
ప్రసూతి వార్డు హెడ్ నర్స్