గడియారం వద్దండి

కనజావా, మార్చి 12

మేనేజరు గారికి నమస్కారం.

డ్రైవరు కురామోచి గారి రిటైర్మెంటుకు చేతి గడియారం కొంటున్నారని తెలిసింది. దయచేసి వద్దండి. కడిగేటప్పుడు మన కంపెనీ నల్లకారు మీద వెంట్రుకంత గీత పడుతుందని ఆయన ముప్ఫై ఏళ్లుగా గడియారమే పెట్టుకోలేదు. పెళ్లి ఉంగరం కూడా డ్యూటీలో లాకర్లోనే ఉంటుంది. ఒకసారి కారు తుడిచే నా గుడ్డ కింద పడితే, "ఇక దాంతో నేల తుడుచుకో నాయనా. ఇసుక రేణువు నీకు కనపడదు, కారుకి తెలుస్తుంది" అన్నారు. ఆయన తుడిచిన తలుపులో చూసుకునే మేమంతా తల దువ్వుకుంటాం.

బదులుగా ఒక్క అనుమతి ఇవ్వండి. రిటైరయ్యే రోజు ఆయన్ని, తానెన్నడూ కూర్చోని వెనక సీట్లో, నా కారులో కూర్చోబెట్టి ఇంటి దగ్గర దింపుతాను. ఎక్కే ముందు ఒంగి తలుపు చూస్తారని నాకు తెలుసు. అందుకే ఆ రోజు నేనూ గడియారం తీసేసి కారు కడుగుతాను. ఆలస్యమైతే మన్నించండి.

ఇట్లు,
నాలుగో నంబరు కారు డ్రైవరు