దాచిన జ్వరం

మేడమ్ గారికి,

ఈ ఉదయం బుజ్జిగాడిని మన క్రెష్‌లో దించుతూ వాళ్లమ్మ, "కాస్త నలతగా ఉన్నాడు, అంతే" అంది. వాడి నోట్లోంచి జ్వరం మందు వాసన వచ్చింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది, అరచేతుల్లో పొక్కులు లేచాయి. వాడిని పక్క గదిలో విడిగా పడుకోబెట్టి ఆమెకు ఫోన్ చేశాను.

"ఇవాళ సెలవడిగితే ఉద్యోగం ఊడుతుంది. సాయంత్రం దాకా మేడమ్‌కి చెప్పొద్దక్కా" అని ఏడ్చింది.

పోయిన వారం నా కూతురికి జ్వరమొస్తే నేనూ అలాగే మందు తాగించి ఇక్కడికి తెచ్చాను. అది బుజ్జిగాడి పక్కనే పడుకుంది. ఆ రోజు దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉతికాను, బొమ్మలన్నీ కడిగాను. మీకు మాత్రం చెప్పలేదు.

మిగతా పిల్లల ఇళ్లకు వెంటనే కబురు పంపండి. ఆమెను ఏమీ అనకండి. ఉదయం నుంచి నా గొంతు కూడా మండుతోంది. అందుకే బుజ్జిగాడితో ఈ గదిలోనే ఉండి, ఈ కాగితం తలుపు కింద నుంచి బయటికి తోస్తున్నాను. మీరు లోపలికి రాకండి.

మీ ఆయా