లోపలి కవరు

మే 7, మంగళవారం

పెడన చుట్టుపక్కల ఇవాళ పదకొండు ఇళ్ళు. ఎనభై అయిదు దాటినవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు. బూత్‌కి రాలేరు కాబట్టి ఓటే వాళ్ళింటికి వెళ్తుంది. పెట్టెతో నేను, జాబితాతో రఫీ గారు, వీడియో తీసే ఆయన, ఒక కానిస్టేబులు. ఎండకి జీపు సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాం. ప్రతి ఇంట్లోనూ మజ్జిగ ఇస్తామంటారు. ఏమీ తీసుకోకూడదని పైవాళ్ళ ఆర్డరు. తాగాను.

ఆఖరి ఇల్లు వీరాస్వామి గారిది. ఎనభై తొమ్మిదేళ్ళు, కలంకారీ అద్దకం మనిషి. చేతులు వణుకుతున్నాయి. అయినా అద్దకం బల్ల దగ్గరే కూర్చుని వేస్తానన్నారు. కిందటిసారి బూత్‌కి వెళ్తే జాబితాలో పేరు లేదట, చనిపోయినట్టు కొట్టేశారట. పక్క వీధిలో అదే పేరున్నాయన పోతే ఈయన్ని తీసేశారు.

"నన్ను చూస్తూనే చెప్పారమ్మా, మీరు పోయారండీ అని. గారు, అండీ, మర్యాదకేం లోటు లేదు."

వీధంతా నవ్విందట. ఇప్పటికీ పిల్లలు ఆటపట్టిస్తారట. ఆఫీసుల చుట్టూ తిరిగి, బతికే ఉన్నానని కాగితాలు పెట్టి పేరు మళ్ళీ ఎక్కించుకున్నారు. అందుకే కోడలు లక్ష్మి సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. "నా చేత్తో నేనే వేస్తాను. నా చేత్తో నేనే అంటిస్తాను."

అట్ట అడ్డం పెట్టాం. చాలాసేపు పట్టింది. అసెంబ్లీది అయ్యాక కాగితాలు అంచుకు అంచు కలిపి, బొటనవేలితో నొక్కి, కవర్లో పెట్టి బంక రాశారు. రెండోది, పార్లమెంటుది. పొద్దు వాలుతోందని అది నేనే సర్దేశాను.

వచ్చేస్తుంటే, "ఇక నేను బతికున్నట్టేనా అమ్మా?" 
"గవర్నమెంటు కాగితాల్లో కూడానండీ" అన్నాను. 
ఎంత నవ్వారో.

మే 8

కాళ్ళు వాచాయి. రఫీ గారికి రేపు దివిసీమ, లంకల్లోకి పడవ మీద వెళ్ళాలట. నాకు గుడివాడ ఆఫీసు, నా ఫైళ్ళు, నా ఫ్యాను. అదృష్టమే.

మే 13, సోమవారం

పోలింగు. ఊళ్ళో అందరూ సిరా వేలు చూపించుకుంటూ తిరుగుతున్నారు. మా ఇంట్లో ఈయన కూడా. నా పని అయిపోయిందనుకున్నాను. కౌంటింగుకి కూడా పేరు వచ్చింది.

మే 24, శుక్రవారం

బందర్లో ట్రైనింగు. నేను పోస్టల్ ఓట్ల టేబుల్ దగ్గర ఉంటాను. ఇళ్ళకి వెళ్ళి తెచ్చినవీ అందులోకే వస్తాయి.

క్లాసు చెప్పే ఆయన పెద్ద కవరు ఒకటి పైకెత్తి చూపించారు. ఇది విప్పితే లోపల రెండు ఉండాలి. ఓటున్న చిన్న కవరు ఒకటి. ఈ ఓటు నాదేనని ఓటరు సంతకం చేసిన డిక్లరేషను, విడిగా. సంతకం చూసి, నంబరు కలిస్తేనే చిన్న కవరు విప్పుతాం. 
"డిక్లరేషను కనపడలేదు. ఏం చేస్తాం? రిజెక్ట్. చిన్న కవరు విప్పం. లోపల ఉండిపోయిందేమో చూద్దాం అనే మాటే లేదు."

వెనక నుంచి ఎవరో, "ముసలాళ్ళు అన్నీ కలిపి లోపల కుక్కేస్తారండీ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే గుర్తొచ్చింది.

వీరాస్వామి గారి చేత డిక్లరేషను మీద ముందు సంతకం చేయించాను. నేను సాక్షి సంతకం చేశాను. చేసి, నా చేతిలో ఉంచుకోవలసిన కాగితాన్ని బల్ల మీద వదిలేశాను. ఆయన పనితనం తెలిసిన మనిషి. బల్ల మీదున్నదంతా పద్ధతిగా సర్దారు. ఆ చిన్న కవరు దళసరిగా ఉందని నా చేతికి తెలిసింది కూడా. అభ్యర్థులు ఎక్కువ, కాగితం పొడుగు అనుకున్నాను. దాన్నొక్కదాన్నే పెద్ద కవర్లో పెట్టి అంటించింది నేను. రెండోది సరిగ్గా సర్దినదాన్ని, మొదటిది ఎందుకు చూసుకోలేదు?

సాయంత్రం బండి పెడనలో ఆగింది. కిటికీ తలుపు దించేశాను.

మే 25

నిద్ర లేదు. ఈయనకి చెప్పాను.

"లక్షల్లో ఒకటే, దానికింత దిగులా?" 
కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే రెండు రోజులు మాట్లాడని మనిషి ఈయన. పోయింది ఇంకొకళ్ళది కాబట్టి లక్షల్లో ఒకటి అయింది.

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. నేను రాసిన ఫైలు ఒక్కటి తిరిగి రాలేదు. ఎంత గొప్ప చెప్పుకున్నానో అందరి దగ్గరా. ఊళ్ళో అందరి తప్పులూ నాకు కనపడేవి.

మే 28, మంగళవారం

ఉండబట్టలేక బందరు వెళ్ళి పెడన ఎన్నిక చూసే పెద్దాఫీసరుకి చెప్పాను. నిలబెట్టే విన్నారు.

"పెట్టెకి సీలు పడింది, స్ట్రాంగ్ రూములో ఉంది. తాళం నా దగ్గరున్నా తియ్యను. అసలు ఈ మాట మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది." 
కాస్త ఆగి, "రిటైర్మెంటు ఎప్పుడు?" 
"పద్నాలుగు నెలలండీ." 
"మరి."

అంతే. ఆ మరి పట్టుకుని ఇంటికొచ్చాను.

జూన్ 1

ఒకవేళ నేనే పొరబడ్డానేమో. డిక్లరేషను పెద్ద కవర్లోనే పెట్టానేమో. ముందు ఇళ్ళలో పదిసార్లు పెట్టాను కదా, చెయ్యి అలవాటుగా పెట్టేసి ఉంటుంది...

లేదు. కవరు దళసరిగా ఉంది.

దుర్గమ్మకి మొక్కుకోబోయి మానేశాను. ఏమని మొక్కాలి? కాగితాన్ని ఈ కవర్లోంచి ఆ కవర్లోకి మార్చమనా?

జూన్ 3, సోమవారం

బందర్లో మా చెల్లెలింట్లో పడుకుంటున్నాను. రేపు తెల్లవారితే గాని ఏ నియోజకవర్గం, ఏ టేబులో చెప్పరు. మచిలీపట్నం రావాలి, గుడివాడ రావాలి. పెడన తప్ప ఏదైనా సరే.

జూన్ 4, మంగళవారం

పెడన.

అయిదింటికే గేటు దగ్గర లైను. ఫోన్లు తీసుకున్నారు. ఇనప జాలీ అవతల పార్టీల ఏజెంట్లు, ఇవతల మేము. ఎనిమిదింటికి మొదలు. సూపర్వైజరు గారు కవరు కోస్తారు, డిక్లరేషను తీస్తారు, నేను నంబరు కలుపుతాను. సంతకం ఉందా, సాక్షి సంతకం ఉందా. ఏజెంట్లు మెడలు చాపి చూస్తారు. పక్కన పెట్టినప్పుడల్లా ఇది ఎవరికి లాభమో లెక్క వేసుకుంటారు.

పదిన్నర ప్రాంతంలో వచ్చింది. చిన్న కవరు మీద నంబరు నా దస్తూరీలో. ఏడుకి మధ్యలో గీత కొట్టడం నా అలవాటు. సూపర్వైజరు గారు పెద్ద కవరు తిరగేసి దులిపారు. ఏమీ రాలేదు.

"డిక్లరేషను లేదు." 
ఏజెంటు ఒకాయన, "లేదా? లేదుగా? పక్కన పెట్టేయండి మరి." 
నా నోట్లోంచి వచ్చేసింది, "లోపల ఉండి ఉంటుందండీ." 
సూపర్వైజరు గారు నావైపు చూశారు. "ఉంటే? విప్పడానికి లేదుగా."

నాకిచ్చారు. వేళ్ళ మధ్య పట్టుకున్నాను. దళసరిగా ఉంది. ఆ రోజు ఉన్నంత దళసరిగానే ఉంది. బంక ఎంత శుభ్రంగా రాశారో, ఒక్క చోట పైకి రాలేదు.

తిరస్కరించిన కారణం రాయడం నా పని. "డిక్లరేషను లేదు" అని రాశాను. ఉందని తెలిసీ లేదని రాశాను. పెద్దాఫీసరు వచ్చి సంతకం చేసి ముద్ర వేశారు. నన్ను చూశారో లేదో. ముఖం ఎత్తలేదు నేను.

ఆ తర్వాత ఎన్ని కవర్లు కోశారో, ఎన్ని కలిపానో తెలియదు. ఎవరో గెలిచారు. బయట టపాకాయలు.

జూన్ 5

సెలవు పెట్టాను. పేపర్లో అంకెలు చాలా ఉన్నాయి. చెల్లని వాటి గురించి ఒక్క ముక్క లేదు.

తప్పు చేసినదానికంటే ఆ రెండు మాటలు రాసినందుకు ఎక్కువ ఏడుపొస్తోంది. మంచిదాన్ని అనుకునేదాన్ని నేను. అది పోయింది.

జూన్ 9, ఆదివారం

చెప్పేద్దామని పెడన వెళ్ళాను. ఈయనతో గుడికని చెప్పాను.

లక్ష్మి కాలవ గట్టున గుడ్డలు ఆరేస్తోంది. "లోపలే ఉన్నారండీ, పేపరు పట్టుకుని" అంది. నిజంగానే మొన్నటి పేపరు ఒళ్ళో ఉంది. గెలిచినాయన బొమ్మ పక్కనున్న ఓట్ల అంకె కింద పెన్సిలుతో గీత గీసుకున్నారు.

"ఇందులో నాదొకటి" అన్నారు, నన్ను చూడగానే.

కూర్చోకుండా చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. తప్పు మీది కాదండీ, నాది, ఆ కాగితం నా చేతిలో ఉండాలి, బల్ల మీద వదిలేశాను అన్నాను. లెక్కలోకి రాలేదన్నాను. పార్లమెంటుది బాగానే ఉండి ఉంటుందన్నాను, అదేదో గొప్ప సాయం చేసినట్టు.

ఒళ్ళో పేపరు వైపే చూశారు. తర్వాత అడిగారు.

"ఆ కవరు ఉందా? పారేశారా?" 
"ఉందండీ. సీలు వేసి దాస్తారు." 
"లోపల నా సంతకం ఉందిగా?" 
"ఉందండీ." 
"విప్పి చూస్తే తెలుస్తుందిగా?" 
"విప్పరండీ. కోర్టు చెప్తే తప్ప."

పేపరు మడిచారు. మడతలు సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ మడిచారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"మా వాళ్ళకి చెప్పకండమ్మా. మళ్ళీ నవ్వుతారు."

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర లక్ష్మి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మా మావయ్య గారి ఓటు చెల్లిందాండీ? పొద్దస్తమానం అదే గోల." 
"చెల్లిందమ్మా" అన్నాను. 
లోపలి నుంచి ఆయన గొంతు, గట్టిగా, "చెప్పానా, లేదా?"



జూన్ 12

ఏ పనీ తోచదు. మా సెక్షన్లో కొత్తమ్మాయి తేదీ తప్పు రాసి, భయపడుతూ చూపించింది. ఏమీ అనలేదు. దిద్దుకోమని ఇచ్చేశాను. ఒంట్లో బాగాలేదా మేడమ్ అని అడిగింది.

జూన్ 17, సోమవారం

ఆఫీసులో ఉండగా తెలియని నంబరు. వీరాస్వామి గారు. చెప్పడానికి వెళ్ళిన రోజున నా నంబరు రాసిచ్చాను, ఎందుకిచ్చానో.

"ఇది లక్ష్మి ఫోను. పంపు దగ్గరికి వెళ్ళింది, గబగబా వినండి." 
గొంతు తగ్గించారు. "ఆ కవరు విప్పి చూడమని అర్జీ పెడదాం. నేను సంతకం చేస్తాను. రాయడం మీరు రాయాలి. ఎలా జరిగిందో తెలిసింది మీకేగా." 
ఫలితం మారదండీ అన్నాను. లెక్కలు అయిపోయాయన్నాను. అర్జీ పెట్టినా తిప్పి పంపేస్తారని కూడా చెప్పాను. 
"ఎవరు గెలిస్తే నాకేంటమ్మా. లేదు అని రాశారన్నారు కదా. ఉంది అని ఇంకో కాగితం ఉండాలి. అంతే." 
రేపు పదకొండింటికి లక్ష్మి డ్వాక్రా మీటింగుకి వెళ్తుందట. పన్నెండుకల్లా వచ్చేస్తుందట. ఆ గంటలో రమ్మన్నారు.

సాయంత్రం రాయడానికి కూర్చున్నాను. ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్ని అర్జీలకి జవాబులు రాశానో. ఇది ఒక్క పేజీ. కాగితం బల్ల మీద వదిలినది ఎవరు, తెలిసీ లేదని రాసినది ఎవరు, రెండు చోట్లా నా పేరు, నా హోదా రాయాలి. రాయకపోతే అది అర్జీయే కాదు, ముసలాయన చాదస్తం అని పక్కన పడేస్తారు. రాస్తే ఎంక్వయిరీ. పెన్షను కాగితాలు ఆగిపోతాయి.

ఈయన వచ్చి ఏం రాస్తున్నావన్నారు. వడియాలకి సామాన్లన్నాను.

రాశాను. రెండు చోట్లా రాశాను. నా సంతకం మాత్రం చెయ్యలేదు.

జూన్ 18, మంగళవారం

పొద్దున బ్యాగులో పెట్టుకుని వచ్చాను. పది గంటల బస్సుకి వెళ్దామనుకున్నాను. పది దాటాక ఇంకో ఫైలు చూసి వెళ్దామనుకున్నాను.

పదకొండయింది. ఇక్కడ నుంచి బస్సులో ముప్పావుగంట. పర్మిషన్ స్లిప్పు రాసి ముందు పెట్టుకున్నాను. లేచి ఇవ్వడమే.

ఆయన సంతకానికి చాలాసేపు పడుతుంది. పన్నెండింటికి లక్ష్మి వచ్చేస్తుంది.