వెనక్కిచ్చిన వాటా

వాషింగ్టన్,
1991 జూన్, ఆదివారం.

చిరంజీవి థియాకు, అమ్మ ముద్దులతో దీవెనలతో రాయునది.

ఇక్కడ నేను క్షేమం. పిల్లి నాకంటే క్షేమం, కూచున్న చోటునుంచి లేవడం మానేసింది. నువ్వు వెళ్తూ మెట్ల పక్కన గుచ్చిపోయిన గులాబీ కొమ్మ బతకదని పందెం కాశాను చూడు, అది మొగ్గలేసి నా పరువు తీసింది. నువ్వూ, నీ ఓడా, ఓడలో నీ తోటివాళ్ళందరూ క్షేమమని తలుస్తాను. డెట్రాయిట్ దగ్గర టపా పడవ మీ ఓడ పక్కకొస్తే, మీరు తాడు కట్టి దించే బకెట్లో నా ఉత్తరాలు పడతాయని రాశావు. పోయినసారి పుట్టినరోజు కార్డు నీళ్ళలో నానిందన్నావు కదా, అందుకని దీన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పంపుతున్నాను. విప్పేటప్పుడు పళ్ళతో చింపకు.

నువ్వడిగినవాటికి జవాబులు. ఊలు మేజోళ్ళు పంపించాను. జూన్ నెలలో ఊలేమిటని మీవాళ్ళు నవ్వితే నవ్వనీ, మీ ఓడ తిరిగే ఆ పెద్ద సరస్సుల మీద చలి సంగతి నువ్వే రాశావు. నా మోకాలు బాగానే ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఒట్టు. వెనక వరండాలో విరిగిన చెక్క మార్పించాను. ఎవరు మార్చారన్నది కాసేపు ఆగి చెబుతాను.

మీ కెప్టెన్ గారు, “మీ అమ్మ చట్టసభలో ఏం ఉద్యోగం చేస్తుంది?” అని అడిగితే, “గొడవపడుతుంది” అని చెప్పావట! నిజమే చెప్పావులే. కానీ దేనికి గొడవో ఆయనకి కాస్త వివరంగా చెప్పు, లేకపోతే నన్ను గయ్యాళి అనుకుంటాడు. ఏటా దేశం పెట్టే ఖర్చుకి సభ ఒక మొత్తం హద్దు గీస్తుంది. అందులో పింఛన్లూ, అప్పుల మీద వడ్డీలూ లాంటివి చట్టం ప్రకారం ముందే పక్కకి తీసేస్తారు. వాటి జోలికి మేం పోము, వాటి మీద పోట్లాటా ఉండదు. మిగిలింది మా పెద్ద కమిటీ బల్లమీదికి వస్తుంది. దాని కింద పదమూడు ఉపసంఘాలున్నాయి, సైన్యానికొకటి, పొలాలకొకటి, రోడ్లకీ వంతెనలకీ ఒకటి, అలా. పెద్ద ఛైర్మన్ గారు ఆ మొత్తాన్ని పదమూడు వాటాలు చేసి, ఎవరి హద్దు ఎంతో చెబుతారు. హద్దు దాటి బిల్లు రాస్తే, సభలో ఎవరో ఒకరు లేచి “దాటింది” అంటే చాలు, అది అక్కడే కూలబడుతుంది. హద్దు పడ్డాక ఏదైనా కొత్తగా చేర్చాలన్నావో, దానికి బదులు ఏది కోసేస్తావో కూడా నువ్వే చెప్పాలి. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది ఈ పనే. అందుకే ప్రతి వసంతంలోనూ నా మొహం అలా ఉంటుంది.

మాది అన్నిటికంటే చిన్న ఉపసంఘం. సభ తన ఇల్లు తను నడుపుకోవడానికయ్యే ఖర్చు మా చేతిలో ఉంటుంది. దానితోబాటు పెద్ద గ్రంథాలయం, ఆ గ్రంథాలయం వాళ్ళు చూపులేనివాళ్ళకి టపాలో పంపే మాట్లాడే పుస్తకాలు కూడా. మీ అమ్మమ్మ గుర్తుందా? చూపు పోయాక నెబ్రాస్కాలో వంటింటి బల్ల దగ్గర కూచుని క్యాసెట్ వింటూ, మనం అదే పుస్తకం చదువుతుంటే హంతకుడెవరో ముందే చెప్పేసి ఏడిపించేది. ఆ పుస్తకాలే. ఆ క్యాసెట్లు వినిపించే యంత్రాలు పాతబడిపోయాయి. ఈ ఏడు కొత్తవి కొనాలని నేను పట్టుబట్టి కూచున్నాను.

తీరా పెద్ద ఛైర్మన్ గారి మొదటి పంపకం చూద్దును కదా, మాకొచ్చిన హద్దులో సగం యంత్రాలే వస్తాయి. మిగతా సగం మంది ముసలమ్మలకి ‘మీది చెడిపోతే ఊరుకోండి’ అని చెప్పాలన్నమాట. మా ఉపసంఘం ఛైర్మన్ ఓస్ట్‌బర్గ్ గారి సంగతి నీకు తెలుసు. మిన్నెసోటా రైతు, మాటకి పన్ను కట్టాలేమో అన్నట్టు ఉంటాడు. కాగితం చూసి, “తక్కువే” అని కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. నాకు ఏడుపొచ్చింది, థియా. కోపం కూడా వచ్చింది.

ఇప్పుడు బీస్లీ సంగతి. హార్లన్ బీస్లీ, రోడ్ల ఉపసంఘం క్లర్కు. క్లర్కంటే టైపు కొట్టేవాడనుకునేరు మీ కెప్టెన్, ఉపసంఘం సిబ్బంది మొత్తానికీ పెద్ద, నాలాగే. కెంటకీ మనిషి. ఎండాకాలంలో కూడా బో టై కడతాడు. నేను ఇంటికొచ్చి తిట్టే తిట్లలో సగం ఎప్పుడూ ఆయనవే కదా. ఎన్నో ఏళ్ళుగా ఆయనకి పెరిగిందల్లా నాకు తగ్గినట్టే ఉండేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరో అడిగితే, “ప్రతి మే నెలలోనూ పని పడింది” అన్నాడట.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే రెండు కాఫీలు పట్టుకుని నా గదిలోకొచ్చాడు.

“ఏం బీస్లీ గారూ, దారి తప్పారా?” అన్నాను.

“లేదండీ. మా సొరంగం పని కోర్టులో చిక్కుకుంది. ఈ ఏడు తట్టెడు మట్టి కూడా ఎత్తరు. ఆ మేరకు మా వాటా వెనక్కిచ్చేస్తామని రేపు సమావేశంలో మా ఛైర్మన్ గారు చెబుతారు. ఎవరైనా అడగొచ్చు. పదమూడు పంపకాలూ చదివాను, మీ చూపులేనివాళ్ళ యంత్రాల దగ్గర నా మనసు ఒప్పలేదు. అందుకని మీకో మాట ముందుగా చెబుదామని.”

“వెనక్కా?”

“వెనక్కే.”

“ఇందులో మెలికేంటి?”

“మెలిక లేదండీ.”

“మెలిక లేకుండా మీరు నన్ను పలకరించను కూడా పలకరించరు!”

ఆయన నవ్వి, కాఫీ నా బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ కాఫీ కూడా నేను తాగలేదు సుమా.

మీ కెప్టెన్‌కి ఇది వింతగా ఉండదేమోగానీ, మా సభ ఉన్న ఈ కొండమీద ఎవరూ వాటా వెనక్కివ్వరు. ఈ ఏడు అక్కర్లేదన్నావంటే, వచ్చే ఏడు “నీకు అక్కర్లేదుగా” అని అక్కణ్ణుంచే కోత మొదలవుతుంది. అందుకే మిగిలినా నోరు మెదపరు, ఎక్కడో ఒకచోట సర్దేస్తారు. కాబట్టి బీస్లీ వెనక్కిస్తానన్నాడంటే అందులో నాకు గొయ్యి తవ్వి ఉంటాడనే అనుకున్నాను. రోజంతా ఆయన బిల్లు వెతికాను. ఇంజనీర్లకి ఫోన్లు చేశాను. సొరంగం నిజంగానే ఆగింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోయేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది.

బయట బల్ల దగ్గర కూచునే మా జెనీవా నా అవస్థ చూసి కడుపుబ్బ నవ్వింది. “ఏం విన్నీ, ఆ మనిషి ఏమంత ఘోరం చేశాడని? మగాడు డబ్బు వెనక్కిస్తున్నాడంటే వాడికి పిచ్చన్నా పట్టి ఉండాలి, పెళ్ళి పిచ్చన్నా పట్టి ఉండాలి.”

“నోర్ముయ్యి” అన్నాను.

“నేను మూస్తానులే. నువ్వు కళ్ళు తెరువు” అంది. దానికెప్పుడూ అన్నీ వేళాకోళాలే.

నేను మాత్రం ఓస్ట్‌బర్గ్ గారికి గట్టిగా చెప్పాను. “రేపు రోడ్లవాళ్ళు ఏదో ఇస్తామంటారు. మీరు చెయ్యెత్తకండి, ఏదో మెలిక ఉంది.” ఆయన “సరే” అన్నాడు.

మర్నాడు సమావేశం. ఛైర్మన్లంతా బల్ల చుట్టూ, మా క్లర్కులం గోడవారన కుర్చీల్లో. రోడ్ల ఛైర్మన్ లేచి సొరంగం సంగతి చెప్పి, వాటా వెనక్కిస్తున్నామన్నాడు. పెద్ద ఛైర్మన్ గారు, “ఎవరికి కావాలి?” అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు, థియా! అంతా నాలాంటివాళ్ళే. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. నా పక్కన సైన్యం క్లర్కు, “ఏదో ఉంది, ముట్టుకోకండి” అని వాళ్ళ ఛైర్మన్ చెవిలో ఊదుతున్నాడు. పెద్ద ఛైర్మన్ గారికి ఒళ్ళు మండింది. “ఏమయ్యా, నెల్లాళ్ళనుంచి చాల్లేదు చాల్లేదని నా ప్రాణం తోడేశారు. ఇవాళ ఎదురుగా పెడితే ఒక్కడికీ చెయ్యి లేవదేం? ఎవరికీ వద్దంటే ఇది ఖజానా లోటు పూడ్చడానికి కలిపేస్తాను, తర్వాత నా గుమ్మం ఎక్కకండి.”

నేను ఎదుటి గోడ దగ్గరున్న బీస్లీ వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఈ మనిషి నాతో పోట్లాడాడు, నన్ను వెక్కిరించాడు, ఎన్నోసార్లు ఓడించాడు కూడా. కానీ ఎప్పుడైనా అబద్ధం చెప్పాడా? ఎంత గుర్తుచేసుకున్నా ఒక్కటీ తట్టలేదు. తట్టింది ఇంకొకటి. మీ నాన్న ఆఖరిసారి ఆస్పత్రిలో ఉన్న మే నెలలో మా అంకెలు తేల్చే సమావేశం వాయిదా పడింది. రోడ్ల బిల్లు సిద్ధం కాలేదని బీస్లీ అడిగి వాయిదా వేయించాడు. ఆ బిల్లు అప్పటికే అచ్చుకి కూడా వెళ్ళిందని, నేను లేకుండా నా వాటా తెగకూడదనే అలా చెప్పాడని తర్వాతెప్పుడో జెనీవా అంది. అంటే ఒక అబద్ధం చెప్పాడన్నమాట, అదీ నాకోసం. నేను ఆ మాట విని కూడా ఇన్నేళ్ళూ పక్కన పడేశాను.

పెన్సిలుతో ఓస్ట్‌బర్గ్ గారి వీపు మీద పొడిచాను. “అడగండి.”

ఆయన తల తిప్పకుండానే, “వద్దన్నారుగా?” అన్నాడు.

“ఇప్పుడు అడగమంటున్నా.”

“మెలిక?”

“ఏమీ లేదు. ఆయన మంచివాడు.”

ఆయన నిదానంగా లేచాడు. “మాకు కావాలి. చూపులేనివాళ్ళ యంత్రాలకి. అవి వచ్చేంత చాలు.” అంతే అన్నాడు. ఆ ముక్క బయటపడ్డాక చూడాలి, గదినిండా చేతులే! మిగిలినదానికోసం కొట్టుకున్నారు. మాది మాత్రం మాకు దక్కింది. మొన్న గురువారం కమిటీలో ఓటు కూడా పడింది. యంత్రాలు మొత్తం కొంటారు. ఆ సాయంత్రం మీ అమ్మమ్మ ఫోటో ముందు నిలబడి చెప్పాను, ఇక ఎంతమంది హంతకుల పేర్లయినా ముందే చెప్పుకోవచ్చని.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దీన్ని దాటేసుకుంటూ వచ్చాను, నువ్వు కనిపెట్టే ఉంటావు.

నిన్న శనివారం బీస్లీ గారు మన మార్కెట్లో కనిపించాడు. ఎండ్రకాయ వడల రొట్టె చెరొకటి తీసుకుని బయట బెంచీ మీద కూచున్నాం. సంతోషంగా ఉన్నాను, క్షమాపణ అడిగాను. ఆయన చేతులు తుడుచుకుని, “ఆ డబ్బు సంగతి అయిపోయిందండీ. ఓటు పడిపోయింది. అది పడేదాకా ఆగాను, లంచం అనుకుంటారని. ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడగొచ్చా?” అన్నాడు.

నాకు అర్థమైంది. అర్థమై కూడా, భయమేసి పాత అలవాటుకొద్దీ ఎగిరాను. “కొత్తది చేర్చాలంటే బదులు ఏది తీసేస్తారో చెప్పాలి. మీరేం తీసేస్తారు?”

“మే నెలల్లో మీతో పోట్లాట” అన్నాడు.

“అది మాత్రం వద్దు” అన్నాను. ఇద్దరం రొట్టె ముక్కలు రాలిపోయేలా నవ్వాం.

పెళ్ళికి సరే అన్నాను, థియా. నిన్నడక్కుండానే అనేశాను. ఇదే నేను దాచింది. వరండా చెక్క మార్చింది ఆయనే. సాయంత్రం ఇంటికొచ్చి, సుత్తి పట్టుకుని వంగిపోయి పనిచేశాడు. పని అయ్యాక లోపలికొచ్చి, నేను ఏమీ చెప్పకుండానే మీ నాన్న కుర్చీ వదిలేసి పీటలాంటి ఆ చిన్న స్టూలు మీద కూచున్నాడు.

ఆయన వెళ్ళాక మాత్రం లెక్కలు మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ ఉద్యోగం కదా, ఒకటి చేర్చానంటే ఎక్కడో ఇంకొకటి కోశానన్నమాటే. ఎవరిది కోశాను? మీ నాన్నదా? నీదా? నీళ్ళ మీద అంత దూరాన ఉన్న పిల్లకి చెప్పకుండా దాని వాటాలోంచి తీసిచ్చానా? నీ గదిలోకి వెళ్ళి మంచం మీద కూచుని, నిజంగానే వెతికాను, బీస్లీ బిల్లులో మెలిక వెతికినట్టు. ఏమీ తగ్గలేదమ్మా. మీ నాన్న మీద ప్రేమ ఎంత ఉండేదో అంతే ఉంది. నువ్వెప్పుడొస్తావా అన్న బెంగ కూడా అంతే ఉంది.

మీ కెప్టెన్‌కి చెప్పమన్న ముక్కే నేను మర్చిపోయాను చూడు. బల్లమీదికి రాకముందే పక్కకి తీసిపెట్టేవి కొన్ని ఉంటాయని. నువ్వూ మీ నాన్నా అక్కడున్నారు. మీ జోలికి ఎవరూ రారు, నేనైనా సరే. హార్లన్‌కి ఇచ్చింది ఆ మిగిలినదాంట్లోంచి. అది ఇంత మిగిలి ఉందని నాకే తెలియదు.

పెళ్ళి జనవరిలో, మంచు పట్టి మీ ఓడ రేవులో కట్టేశాక. నువ్వు లేకుండా జరగదు. నా పక్కన నిలబడేది నువ్వే. సంతోషమైతే వెంటనే రాయి. కోపమైతే ఇంకా వెంటనే రాయి. ఏదైనా సరే, బకెట్లో వెయ్యి.

ఇట్లు,
నీ రాకకోసం గులాబీ మొగ్గలు కొయ్యకుండా ఉంచిన
మీ అమ్మ