సన్న చార

స్టెయిన్‌వోర్ పిన్నీ,

నువ్వల్లిన చారల చేతితొడుగుల్లో నల్ల ఊలు చాలక ఒక చార సన్నబడిందని, వాటిని తిప్పి పంపమన్నావు. పంపను, కోప్పడకు.

మన రేక్యానెస్ తీరం దాటాక సముద్రపు అడుగు నడిమికి చీలి రెండువైపులకూ జరుగుతోందంటే బడిలో నా కొత్త పిల్లలు నమ్మలేదు. ఇదీ చెప్పలేకపోతే పాఠాలు మానేద్దామనుకున్నాను.

నిన్న నీ రెండు తొడుగుల వేళ్ళకొసలు ఒకదానికొకటి ఆనించి, మెల్లగా ఎడంగా జరిపాను. "మధ్యలో కొత్త రాయి పుడుతుంది. భూమికి అప్పుడున్న అయస్కాంత దిక్కు అందులో నిలిచిపోతుంది. ఆ దిక్కు తిరగబడినప్పుడల్లా, ఈ తొడుగుల్లోలాగే, రాతిలో చార మారుతుంది," అన్నాను.

"రెండువైపుల రాళ్ళూ ఒక్కచోటే పుట్టాయని రుజువేంటి?" అంది వాళ్ళలో హాట్లా.

"సన్న చార రెండింట్లోనూ మధ్య నుంచి ఒకే దూరంలో ఉందిగా, కళ్ళులేవా నీకు?" అన్నాడు కెటిల్.

ఒకదాంట్లో ఊలు తగ్గితే, జత కుదరాలని రెండోదాంట్లోనూ తగ్గించావు. నేనింకా బడిలో ఉన్నానంటే ఆ పట్టింపు చలవే.

చలికి ఇంకో జత అల్లిపెట్టు పిన్నీ. ఇవి ఇక బడివి.