పది పౌన్లు మాత్రమే

2008 మే 4, ఆదివారం
షామ్‌బర్గ్

ఈ రోజు నుంచి మొహమాటం బంద్!

ఈ నెలాఖరున మెమోరియల్ డే వీకెండ్‌కి మా సైకిల్ క్లబ్ వాళ్ల పెద్ద రైడ్ ఉంది. మూడు రోజులు, నాలుగు వందల మైళ్లు. చికాగో పక్కనున్న మా ఊరి నుంచి గలీనా, అక్కణ్నుంచి లాక్రాస్, అక్కణ్నుంచి మ్యాడిసన్. తొక్కేవాళ్లు ఇరవై ఆరు మంది. అందులో మా ఆవిడ విజయశ్రీ ఒకతి.

బట్టలూ గిట్టలూ సైకిల్ మీద మోసుకుపోలేరు కదా. రాత్రి మకాం ఎక్కడో అక్కడికి వాళ్ల బ్యాగులు ముందే చేరాలి. మనిషికి రెండు. గలీనాలో దించేదానికి ఎర్ర ట్యాగు, లాక్రాస్‌లో దించేదానికి నీలం ట్యాగు. ఒక్కోటి పది పౌన్లు మించకూడదు. అన్నీ మా మినీవ్యాన్‌లో వెళ్తాయి. లగేజీ ఇన్‌చార్జి: నేను!

క్లబ్ ప్రెసిడెంట్ గ్యారీ ఈ పని అప్పగించే ముందు ఒక్కటే అడిగాడు. "దామోదర్, నువ్వు జనానికి నో చెప్పగలవా?" చెప్పగలనన్నాను. ఆ మాట కూడా మొహమాటానికే అన్నానేమోనని ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది.

ఎందుకంటే నా చరిత్ర అలాంటిది. ఇండియా వెళ్లిన ప్రతిసారీ సగం షామ్‌బర్గ్ నా చేతిలో ప్యాకెట్లు పెడుతుంది. "చిన్నదే దామోదర్ గారూ, ఒక మూల పడి ఉంటుంది" అంటారు. ఎయిర్‌పోర్టులో బరువెక్కువైతే నా చొక్కాలు తీసి పారేసి, వాళ్ల విటమిన్ డబ్బాలు సర్దిన సందర్భాలున్నాయి. ఇక చాలు. పది పౌన్లంటే పది పౌన్లే!

విజయశ్రీకి ఇది ఆట కాదు. నిరుడు ఇదే రైడ్‌లో మొదటి రోజంతా వానలో నానింది. అప్పట్లో ఈ లగేజీ ఏర్పాటు లేదు. తడి బట్టల్తోనే పడుకుని, తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయి, గలీనాలోనే రైడ్ మానేసింది. నేను వెళ్లి కార్లో తీసుకొచ్చాను. రాక్‌ఫర్డ్ దాటేదాకా మాట్లాడలేదు. దాటాక ఏడ్చింది. ఈ ఏడాదంతా పొద్దున్నే లేచి ప్రాక్టీస్ చేసింది దానికోసమే.

"అందరి సంగతీ నీ ఇష్టం దామూ. నా ఎర్ర బ్యాగు మాత్రం గలీనాలో ఉండాలి. అంతే" అంది.

ఉంటుంది. రాసిపెట్టుకో!

మే 10, శనివారం

ప్రాక్టీస్ మొదలు. గురువు మా అమ్మాయి స్మృతి. పదమూడేళ్లు. పుట్టింది ఇక్కడే కాబట్టి దానికి "నో" అనడం పుట్టుకతోనే వచ్చింది.

అది వంటింట్లో రైడర్‌లా నటించింది, నేను ఇన్‌చార్జిలా నిలబడ్డాను. "అంకుల్, నా గిటార్ తీసుకెళ్తారా?" అంది.

"సారీ అమ్మా, కుదరదు" అన్నాను.

"ప్లీజ్ అంకుల్. నా గ్రాండ్‌పా ఇచ్చాడు ఆ గిటార్."

"అయ్యో, తాతగారిదా? సరే, ముందు సీట్లో పెట్టు."

స్మృతి తల పట్టుకుంది. "నాన్నా! గిటార్ లేదు. తాతకి గిటార్ రాదు. ఇది ప్రాక్టీస్!"

రెండోసారి నయం. మూడోసారి గట్టిగా అన్నాను. నాలుగోసారి అద్దం ముందు అన్నాను. చాలా బాగా వచ్చింది. అద్దం ఏమీ అనుకోలేదు.

మే 18, ఆదివారం

మొదటి ఫోన్. నేపర్‌విల్ నుంచి వీరభద్రం గారు. రిటైరయ్యాక సైకిల్ పట్టిన మనిషి. అరవై మూడేళ్లు. ఇక్కడి తెలుగువాళ్లలో పెద్దాయన.

"దామోదరం, బాబూ, నీకు తెలుసు కదా, నాకు షుగరు. ఆ పిజ్జాలూ పాస్తాలూ నాకు పడవు. చిన్న రైస్ కుక్కరు, ఓ సంచీడు బియ్యం. అంతే బాబూ."

షుగరుకి అన్నమా అని అడగబోయి ఆగాను. పెద్దాయన! సరే అన్నాను.

దీన్ని ఓటమి కింద లెక్కెయ్యను. రూలు బ్యాగులకి. కుక్కరు బ్యాగు కాదు.

మే 21, బుధవారం

గ్యారీ ఫోన్ చేశాడు. మడత కుర్చీలు ఆరు, ఐస్ పెట్టె ఒకటి, అతని దిండు ఒకటి. ఆ దిండు లేకపోతే అతనికి మెడ పట్టేస్తుందట. తీసుకురమ్మన్నాను. రూలు పెట్టినవాడికి రూలు చెప్పడం మర్యాద కాదు.

వ్యాన్‌లో సీట్లు పీకేశాను. టేపు పెట్టి కొలిచాను. అన్నీ పడతాయి. నాకింకా నమ్మకం ఉంది.

మే 23, శుక్రవారం

సాయంత్రం మా గ్యారేజ్‌కి బ్యాగులొచ్చే రోజు. ఇండియా ప్రయాణాలకి కొన్న కొక్కెం త్రాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పక్కన స్మృతి ట్యాగులు కట్టడానికి.

మొదటి నలుగురిని వెనక్కి పంపాను! నిజం! పదకొండు పౌన్లు తెచ్చిన ఒకాయనతో "వన్ పౌండ్ ఓవర్" అన్నాను. ఆయన నవ్వి, ఒక జాకెట్ తీసి తొడుక్కున్నాడు. స్మృతి నా వీపు తట్టింది.

ఆ తర్వాత ఒకావిడ పన్నెండు పౌన్లది తెచ్చింది. మోకాలు నొప్పట, హీటింగ్ ప్యాడ్ ఉందట. వదిలేశాను. ఆమెని వదిలాక వెనకాల ఉన్నాయన పదమూడు చూపించాడు. ఆమెకి ఒప్పుకుని ఈయనకి కాదంటే ఏం బాగుంటుంది? చివరికి త్రాసు స్మృతి లాక్కుంది. అప్పటికే లేటైంది.

ఏడింటికి వినీత్ వచ్చాడు. డికాల్బ్‌లో మాస్టర్స్ చదువుతున్న వరంగల్ కుర్రాడు. మంచి సైకిలిస్టు. ఎవరో ఫ్రెండు కార్లో దించి వెళ్లిపోయాడు. వాడి పక్కన రెండు బ్యాగులు, వాటి పక్కన రెండు పెద్ద సూట్‌కేసులు! ఇండియా నుంచి దిగినప్పుడు తెచ్చుకున్నవే.

"అన్నా, ఏమనుకోకు. ఇయ్యాల్టితోని లీజ్ అయిపోయింది. మంగళవారం నుంచి మ్యాడిసన్‌ల ఇంటర్న్‌షిప్. రైడ్ అయినంక గక్కడ్నే ఉండిపోత. నాకున్న సామాన్ మొత్తం ఇదే అన్నా."

ఉద్యోగానికి సైకిల్ మీద వెళ్లి చేరుతున్నాడు! అలాంటి కుర్రాడికి కాదని ఎలా అంటాం? ఎవరైనా అంటారా? గ్యారీ కూడా అనడు.

"నాన్నా..." అంది స్మృతి.

"ఒక మూల పడి ఉంటాయమ్మా" అన్నాను.

విజయశ్రీ తన ఎర్ర బ్యాగు తనే సర్దుకుని, తనే తూచి, నా చేతికిచ్చింది. పొడి బట్టలు, థర్మల్స్, గ్లవ్స్, రెండు జతల సాక్సులు. తొమ్మిదిన్నర పౌన్లు. ఇంత మందిలో ఎవరూ చెప్పకుండానే రూలు పాటించింది తనొక్కతే!

మే 24, శనివారం, ఉదయం

రైడర్లు తెల్లవారుజామునే బయల్దేరిపోయారు. ఇప్పుడు వ్యాన్ సర్దాను. తలుపు పడటం లేదు.

మూడుసార్లు దించి మూడుసార్లు ఎక్కించాను. రెండు బ్యాగులంత చోటు తక్కువైంది. స్మృతి ఒళ్లో ఇప్పటికే కుక్కరుంది, కాళ్ల కింద బియ్యం. ఇంకేం చేస్తాం? ఎయిర్‌పోర్టులో చేసేదే చేశాను. నా బ్యాగు తీసేశాను. విజయశ్రీ ఎర్ర బ్యాగు తీసేశాను. తలుపు పడింది!

మనవాళ్లదే కదా, ఎవరినీ అడగక్కర్లేదు. అయినా ప్లాను బ్రహ్మాండంగా ఉంది. గలీనా రెండున్నర గంటల దారి. అక్కడ అన్నీ దింపేసి, వెంటనే వెనక్కొచ్చి, ఈ రెండూ పట్టుకుని మళ్లీ వెళ్తాను. ఆమె చేరేది సాయంత్రానికి.

"దిస్ ఈజ్ ఎ బ్యాడ్ ఐడియా, నాన్నా" అంది స్మృతి కుక్కరు వెనక నుంచి.

గలీనా, మధ్యాహ్నం

వాన. నిరుడు పడ్డట్టే పడుతోంది. చలిగాలి కూడా.

బ్యాగులు చర్చి హాల్లో దించాను. రాత్రికి అందరూ పడుకునేది అక్కడే. వెనక్కి బయల్దేరబోతుంటే ఫోన్. వీరభద్రం గారి ట్యూబు గంట దూరంలో ఫ్రీపోర్ట్ దగ్గర పేలింది, స్పేరు కూడా పోయింది. "వచ్చేస్తున్నానండీ" అన్నాను. వెళ్లొచ్చాను. రాగానే గ్యారీ ఫోన్: అందరికీ వేడి సూపు ఏర్పాటు చేస్తావా? "ష్యూర్" అన్నాను. సూపు తెచ్చేసరికి ఆ మోకాలి నొప్పావిడ తన బ్యాగు ఏ మూల ఉందో వెతికిపెట్టమంది. వెతికాను. మూడున్నరైంది.

ఇప్పుడు వెళ్లి రావాలంటే ఐదు గంటలు.

స్వెటర్ ఏదైనా కొందామంటే హాల్ వదిలి వెళ్లడానికి లేదు. తడిసిన మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు, బ్యాగులివ్వాలి. మెయిన్ స్ట్రీట్ దుకాణాలు ఐదింటికే మూసేస్తారట.

గలీనా, సాయంత్రం

ఆరింటికి వచ్చింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి నవ్వింది! "వచ్చేశాను దామూ. వానలోనే వచ్చేశాను. ఏదీ నా బ్యాగు?"

నేను సూపు గిన్నె అందించబోయాను. "గ్యారేజ్‌లో ఉంది అమ్మా" అని స్మృతే చెప్పింది.

విజయశ్రీ హాలంతా చూసింది. కుర్చీలు చూసింది, దిండు చూసింది, సూట్‌కేసులు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వీరభద్రం గారికి సరే అన్నావు. గ్యారీకి సరే అన్నావు. ఈ అబ్బాయికి సరే అన్నావు. నో అనడం రాదు, రాదు అంటావే! నాకన్నావుగా. నన్ను అడక్కుండానే అన్నావు."

నాకు చాలా సిగ్గేసింది. అది తప్ప ఇంకేం రాయాలో తెలీదు.

వినీత్ గబగబా సూట్‌కేసు తెరిచాడు. "అక్కా, ఏసుకో అక్కా. చికాగో చలని మా అమ్మ పంపింది. ఒక్కటి కూడ ఇప్పలే." రెండు స్వెటర్లు, థర్మల్స్, ఊలు సాక్సులు, ఒక గోధుమరంగు మంకీ క్యాపు. అన్నిటికీ వరంగల్ షాపు కాగితాలు అలాగే ఉన్నాయి. విజయశ్రీ లోపలికెళ్లి అన్నీ వేసుకొచ్చింది. మొహం మధ్యలో కళ్లూ ముక్కూ మాత్రమే కనిపిస్తున్నాయి. వీరభద్రం గారు కుక్కర్‌లోంచి వేడన్నం పెట్టారు. వాళ్లిద్దరి పక్కన కూర్చుని తింది. నాకు కూడా పెట్టమని అడగడానికి మొహమాటమేసింది.

"చూశావా, సూట్‌కేసు తేబట్టే కదా..." అని మొదలుపెట్టబోయాను.

"నాన్నా. డోంట్" అంది స్మృతి.

ఆమె బూట్లూ సైకిల్ బట్టలూ తీసుకుని ఎవరిదో హెయిర్ డ్రయర్ పట్టుకుని కూర్చున్నాను. ఎవరో వచ్చి, అయ్యాక నావి కూడా ఆరబెడతావా అన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. నా చుట్టూ నాలుగు జతల బూట్లు చేరాయి. కానీ మొదట ఎండినవి విజయశ్రీవి. అవి చెయ్యి పెట్టి చూసి, పూర్తిగా పొడిగా ఉన్నాయన్నాకే రెండో జత ముట్టుకున్నాను.

రేపు తొక్కుతావా అని అడగాలని ఉంది. ధైర్యం చాలడం లేదు.

మే 25, ఆదివారం
లాక్రాస్

తొక్కింది! జ్వరం లేదు! పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కుని, మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టుకుని, నాతో మాట్లాడకుండా బయల్దేరింది. నిరుడు ఆగిపోయిన చోటు దాటిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

ఈ రోజు వ్యాన్ సర్దడం వేరే రకం. మొదట ఎక్కింది విజయశ్రీ నీలం బ్యాగు. ముందు సీట్లో పెట్టి బెల్టు కూడా వేశాను. స్మృతి వెనక కుర్చీల మధ్య ఇరుక్కుంది. గ్యారీ దిండు దాని తల కింద పనికొచ్చింది.

సాయంత్రం ఎండలో వచ్చింది. నేను గుమ్మంలోనే బ్యాగు పట్టుకుని ఉన్నాను. అందుకుంది.

"బెల్టు పెట్టావట. స్మృతి ఫోన్ చేసి చెప్పింది" అంది. ఇరవై నాలుగు గంటల తర్వాత మొదటి మాట!

మే 26, సోమవారం
మ్యాడిసన్

పూర్తి చేసింది!! నాలుగు వందల మైళ్లు! ఆఖరి గీత దాటుతుంటే నేను ఏడ్చాను. స్మృతి ఏడవలేదంటోంది కానీ ఏడ్చింది. వినీత్ తన సూట్‌కేసుల మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. వీరభద్రం గారు ఇంకా దారిలో ఉన్నారు, వస్తారు.

గ్యారీ శాండ్‌విచ్ తింటూ నా దగ్గరకొచ్చాడు. "దామోదర్, వచ్చే ఏడాది నలభై మంది. లగేజీ మళ్లీ నువ్వే చూడాలి."

గ్యారీని అద్దం అనుకున్నాను. "నో" అన్నాను.

"ఓకే. నో ప్రాబ్లమ్" అని శాండ్‌విచ్ తింటూ పోయాడు.

అంతే! కొంపలేం మునగలేదు! ఇన్నేళ్లూ దీనికా భయపడ్డాను? పరిగెత్తుకుంటూ విజయశ్రీ దగ్గరకెళ్లాను. గడ్డిలో కూర్చుని బూట్లు విప్పుతోంది.

"నో అన్నాను! గ్యారీకి! వచ్చే ఏడాది లగేజీ చూడనని మొహం మీదే చెప్పేశాను!"

ఆమె రెండో బూటు విప్పడం ఆపింది.

"మరి వచ్చే ఏడాది నా బ్యాగు ఎవరు తెస్తారు?"

"మళ్లీ తొక్కుతావా?"

"ఎందుకు తొక్కను? నా బ్యాగు పరాయివాళ్ల చేతికివ్వను. పో దామూ, వెళ్లి చెప్పు."

జన్మానికొక్క నో అన్నాను. అదీ వెళ్లి ఆమెకే తగిలింది. గ్యారీ వెంట పార్కింగ్ లాట్ దాకా పరిగెత్తాను.

మే 27, మంగళవారం
షామ్‌బర్గ్

మళ్లీ మొదలు! రైడ్‌కి ఇంకా ఏడాది ఉంది, బోలెడంత టైము.

ఈసారి నో అనడం నేర్చుకోను. అది నాకు వచ్చు. ఎవరికి అంటున్నానో చూసుకోవాలి. ఊళ్లోవాళ్ల ఫోన్లు పక్కన పెట్టి, ముందు ఇంట్లోవాళ్లు అడిగింది వినాలి. ఈ రోజు నుంచే.

కాఫీ తాగుతూ విజయశ్రీ అడిగింది. "శనివారం నాతో ఓ ఇరవై మైళ్లు తొక్కుతావా?"

వెంటనే సరే అన్నాను.

నా దగ్గర సైకిల్ లేదు.